జీతాల క్యాప్ కింద ఓ-లైన్ కట్టడం: మీ టీమ్ ఎక్కడ బాగుపడింది, ఎక్కడ దెబ్బతింది?

ఆరోహెడ్_వాసు

శనివారం పొద్దున్నే లేచి సెయింట్ జోసెఫ్‌లో చీఫ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్నెఫ్ఎల్‌లో మా కాన్సాస్ సిటీ టీమ్) 2025 సీజన్ క్యాంప్ చూసొచ్చాను. ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి గంట డ్రైవ్. జనమంతా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) మహోమ్స్ వైపు ఎగబడితే నేను అతనికి అడ్డుగోడలా నిలబడే ఓ-లైన్ ఐదుగురు, అదే లైన్‌మెన్, ప్రాక్టీస్ చేసే మూలకి వెళ్లి నిలబడ్డాను. ప్యాడ్‌కి ప్యాడ్ తగిలినప్పుడల్లా అటక మీంచి బియ్యం బస్తా పడ్డట్టు చప్పుడు. టీవీలో అది వినపడదు. సెంటర్ క్రీడ్ హంఫ్రీ ఎడమ చేత్తో స్నాప్ చేస్తాడని (బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందిస్తాడని) తెలుసుగానీ, దగ్గర్నుంచి చూస్తే తమాషాగా ఉంది.

అక్కడ నిలబడి లెక్కేసుకుంటే, 2021లో కొత్తగా కట్టిన ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే: హంఫ్రీ, ట్రే స్మిత్. నాలుగేళ్లకే.

కొత్తవాళ్ల కోసం కొంచెం కథ. లైన్‌లో నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. 2021 ఫిబ్రవరి, టాంపాలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఎడమ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కి ముందు మ్యాచ్‌లోనే అకిలీస్ తెగింది, కుడి టాకిల్ ష్వార్ట్జ్‌కి నడుము నొప్పి. ఉన్నవాళ్లని అటూ ఇటూ సర్ది ఆడించారు. మహోమ్స్ 56 సార్లు పాస్‌కి వెనక్కి వస్తే 29 సార్లు మీద పడ్డారు. బంతి వదిలే లోపు అటూ ఇటూ పరిగెత్తిన దూరమే దాదాపు 500 గజాలు. 31-9తో ఓడాం. ఆ రాత్రి మా బేస్‌మెంట్‌లో బిర్యానీ చల్లారిపోయింది, ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

నెల తిరిగేసరికి ఫిషర్, ష్వార్ట్జ్ ఇద్దరినీ తీసేశారు. పైగా కోవిడ్ వల్ల ఆ ఏడాది క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) 198.2 మిలియన్ డాలర్ల నుంచి 182.5కి పడిపోయింది. అయినా గార్డ్ జో థూనీని 5 ఏళ్లకి 80 మిలియన్లకి తెచ్చారు. బాల్టిమోర్‌కి మొదటి రౌండ్ పిక్ (కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు) ఇచ్చి, రూకీ ఒప్పందం (లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాడి మొదటి ఒప్పందం) ఆఖరి ఏడాదిలో ఉన్న టాకిల్ ఓర్లాండో బ్రౌన్‌ని తీసుకున్నారు. హంఫ్రీ 63వ పిక్, ట్రే స్మిత్ 226వ పిక్. స్మిత్‌కి కాలేజీలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టాయి, ఆ భయంతోనే అందరూ వదిలేశారు. సెప్టెంబర్ మొదటి మ్యాచ్‌లో ఐదుగురూ కొత్తవాళ్లే.

రెండేళ్లకి, ఆ సీజన్‌లో 70 సాక్‌లు (బంతి వదిలేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) కొట్టిన ఫిలడెల్ఫియా ఈగిల్స్ మీద సూపర్ బౌల్‌లో ఒక్క సాక్ కూడా ఇవ్వలేదు. మళ్లీ 2025 ఫిబ్రవరిలో అదే ఈగిల్స్ ఆరు సాక్‌లు కొట్టి 40-22తో ఇంటికి పంపారు. అంటే కట్టడం కంటే నిలబెట్టుకోవడమే కష్టమా? మీ టీమ్‌ల సంగతి చెప్పండి.

సిన్సీ_సుబ్బు

వాసు గారూ, మీది రెండు రాత్రుల బాధ. మాది నెలనెలా కట్టే కిరాయి లాంటిది, ఆగదు.

2021 డ్రాఫ్ట్‌లో మా సిన్సినాటి బెంగాల్స్‌ది 5వ పిక్. అంతకు ముందు నవంబర్‌లోనే మా క్వార్టర్‌బ్యాక్ బరో మోకాలి లిగమెంట్లు తెగాయి. పెనె సూవెల్ అనే టాకిల్ ఎదురుగా ఉన్నాడు. మేం రిసీవర్ (పాస్ అందుకునేవాడు) జమార్ చేజ్‌ని తీసుకున్నాం. నేను ఆ రోజు టీవీని తిట్టాను. ఆ సీజన్ మేం సూపర్ బౌల్‌కి వెళ్లాం, కాబట్టి నాదే తప్పు అనుకున్నాను. కానీ టెనెసీ మీద ప్లేఆఫ్స్‌లో బరోని తొమ్మిది సార్లు పడేశారు, అయినా గెలిచాం. సూపర్ బౌల్‌లో ఏడు సార్లు, మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఇప్పటికీ ఎవరు రైటో నాకు తెలీదు.

మరుసటి ఏడాది ముగ్గురు లైన్‌మెన్‌ని ఒకేసారి కొన్నారు: కాప్పా, కారస్, కాలిన్స్. కాగితం మీద అదిరింది. కాన్సాస్ సిటీలో కాన్ఫరెన్స్ ఫైనల్ వచ్చేసరికి లైన్‌లో ముగ్గురు దెబ్బలతో బయట. మూడు పాయింట్లతో పోయింది. 2023లో మీ బ్రౌన్‌నే 64 మిలియన్లకి తెచ్చుకున్నాం.

2025 మార్చిలో చేజ్‌కి 161 మిలియన్లు, ఇంకో రిసీవర్ హిగ్గిన్స్‌కి 115. బరో 275 సంగతి సరేసరి. గార్డ్‌లకి మిగిలింది మూడో రౌండ్ పిక్, ఒక దణ్ణం.

ఫిలీ_మూర్తి

40-22. ఊరికే గుర్తు చేద్దామని.

లెక్కల_లావణ్య

మూర్తి గారూ, ఆ మ్యాచ్‌లో మీవాళ్లు ఒక్క బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషులు) కూడా పంపకుండా ఆ పని చేశారు, అది ఒప్పుకుంటాను. తర్వాత మాట్లాడదాం.

నేను పగలు పద్దులు చూసే ఉద్యోగం చేస్తాను, అందుకే ఈ క్యాప్ గోల నాకు సరదా. "క్యాప్ అంతా అబద్ధం, ఎవరికి కావలసినంత వాళ్లు ఇస్తున్నారు" అని మా ఆయన అంటుంటారు. అబద్ధం కాదు. చీటీ పాట.

చీటీ ముందే పాడుకుంటే డబ్బు చేతికొస్తుంది, వాయిదాలు మాత్రం ఆఖరి నెల దాకా కట్టాలి. ఇక్కడా అంతే. ఒకడి ఈ ఏడాది జీతంలో 15 మిలియన్లని బోనస్‌గా మార్చి ఇప్పుడే చేతిలో పెడతారు. లెక్కలో మాత్రం ఐదేళ్లకి మూడేసి చొప్పున పడుతుంది. ఈ ఏడాది 12 మిలియన్ల జాగా దొరికింది. రెండేళ్ల తర్వాత వాణ్ని తీసేస్తే మిగిలిన తొమ్మిదీ ఒక్కసారిగా మీద పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 తర్వాత తీసేస్తే రెండు భాగాలుగా పడుతుంది, అంతే తేడా.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఈ చీటీకి భయం లేదు, వాడు పదేళ్లుంటాడు. 33 ఏళ్ల టాకిల్ మీద పాడుకుంటేనే ప్రమాదం. వాడి మోకాలు వెళ్లిపోతుంది, వాయిదా ఉండిపోతుంది.

ఇంకో విచిత్రం. ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసినవాణ్ని ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) వేసేటప్పుడు టాకిల్, గార్డ్, సెంటర్ అందరినీ ఒకే గాటన కడతారు. టాకిల్ రేట్లే ఎక్కువ కాబట్టి గార్డ్‌కి ట్యాగ్ వేసినా టాకిల్ రేటు పడుతుంది. ట్రే స్మిత్‌కి 2025లో పడింది 23.4 మిలియన్లు. ఆ అంకె ఒకసారి బల్ల మీదికి వచ్చాక వాడి ఏజెంట్ కిందికి ఎందుకు దిగుతాడు? జూలైలో నాలుగేళ్లకి 94 దగ్గర తేలింది. 226వ పిక్‌గా వచ్చి రూకీ జీతం మీద నాలుగేళ్లు ఆడినవాడు. చవకగా దొరికినవాడు బాగా ఆడితే బిల్లు తర్వాత వస్తుంది, తప్పదు.

చెడుగుడు_శ్రీను

నేను ఫుట్‌బాల్ ఆలస్యంగా మొదలుపెట్టాను, కబడ్డీ చూస్తూ పెరిగాను. నాకు ఓ-లైన్ అర్థమైంది చెయిన్ వల్లే. రెయిడర్ లోపలికి వచ్చినప్పుడు చేతులు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు తొందరపడి దూకాడా, రెండోవాడు ఎంత మొనగాడైనా చేసేదేం లేదు. ఇక్కడా అంతే. నలుగురు గోడలా నిలబడి ఒక్కడు జారితే క్వార్టర్‌బ్యాక్ నేల మీదే.

డబ్బు సంగతి కూడా మన తెలుగు టైటన్స్‌ని చూస్తే తెలుస్తుంది. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో పర్సు 5 కోట్లు. అందులో 2.605 కోట్లు ఒక్క పవన్ సెహ్రావత్‌కే పెట్టారు. పవన్ బాగానే ఆడాడు. టీమ్ 22 మ్యాచ్‌లలో రెండు గెలిచి ఆఖరున నిలిచింది. సుబ్బు గారి పోస్ట్ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

సిన్సీ_సుబ్బు

పుండు మీద కారం చల్లకండి శ్రీను గారూ.

ఫ్రిస్కో_ఫణి

మా ఇంటికి డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ గ్రౌండ్ పది నిమిషాలు. వాసు గారి ప్రశ్నకి మా 2014 జవాబు అనుకుంటా.

2011లో టైరన్ స్మిత్, 2013లో ఫ్రెడరిక్, 2014లో జాక్ మార్టిన్. నాలుగేళ్లలో మూడు మొదటి రౌండ్ పిక్‌లు లైన్‌కే. ఫ్రెడరిక్‌ని 31వ పిక్‌లో తీసుకున్న రోజు టీవీలో నవ్వారు. మార్టిన్‌ని తీసుకున్నప్పుడు పేరున్న క్వార్టర్‌బ్యాక్ జానీ మంజెల్ ఇంకా అందుబాటులోనే ఉన్నాడు, అభిమానులు గోల. ఆ సీజన్ 12 గెలిచి 4 ఓడాం, డిమార్కో మరే 1,845 గజాలు పరిగెత్తాడు. మొదటి రౌండ్ రూకీ జీతం 2011 నుంచి పట్టిక ప్రకారమే కదా, నాలుగేళ్లు చవకగా వస్తారు, ఐదో ఏడాది ఆప్షన్ కూడా మన చేతిలోనే.

కానీ దాని రెండో సగం ఎవరూ చెప్పరు. ముగ్గురూ ఒకే వయసువాళ్లు అయితే ముగ్గురికీ జీతాలు పెంచాల్సింది ఒకే కాలంలో, ముగ్గురూ అరిగిపోయేదీ ఒకే కాలంలో. ఫ్రెడరిక్‌కి 2018లో నరాల జబ్బు చేసి ఏడాదంతా పోయింది. టైరన్‌కి వీపు, మెడ, మోకాలు, ఏదో ఒకటి. ఇప్పుడు మార్టిన్ కూడా రిటైరయ్యాడు. మళ్లీ మొదట్నుంచి: 2022లో టైలర్ స్మిత్, 2024లో గైటన్, 2025లో 12వ పిక్‌లో బుకర్. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లకి పైపులన్నీ ఒకే నెలలో కారినట్టు. నన్నడిగితే రెండేళ్లకొకడిని తీసుకుంటూ పోవాలి, అవసరం ఉన్నా లేకపోయినా.

గార్డ్_నాన్న

ఎన్నెఫ్ఎల్ అనుభవం కాదు, మావాడిది. హైస్కూల్ జేవీ (జూనియర్ టీమ్)లో లెఫ్ట్ గార్డ్. మా ఇంటావిడ మొదట్లో ఏడ్చింది, ఇప్పుడు పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకబెడుతోంది.

నాకు ఆశ్చర్యం అనిపించింది ఒక డ్రిల్. పిల్లల రెండు చేతుల్లోనూ చెరో టెన్నిస్ బంతి పెట్టి బ్లాక్ చేయమంటారు. బంతి పట్టుకున్నాక ఎదుటివాడి జెర్సీ లాగలేరు, కాళ్లతోనే అడ్డుకోవాలి. మొదటి వారం మావాడు పది నిమిషాల్లో పదిసార్లు కింద పడ్డాడు.

ఇంకో సంగతి. ఎదుటి ఇద్దరు రషర్లు (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లు) కత్తెరలా దారులు మార్చుకుంటే, నీ మనిషిని పక్కవాడికి అప్పజెప్పి వాడి మనిషిని నువ్వు తీసుకోవాలి. అరిచి చెప్పే టైమ్ ఉండదు. పక్కన ఆడే టాకిల్ కుర్రాడికి సెప్టెంబర్‌లో కాలు మెలిక పడి ఇంకొకడు వచ్చాడు, మొదటివాడి కంటే బలమైనవాడే. రెండు మ్యాచ్‌లు వీళ్లిద్దరి మధ్యలోంచి బస్సు వెళ్లేంత దారి. మూడో మ్యాచ్‌కి సర్దుకుంది. అందుకే ఏటా ఇద్దరినో ముగ్గురినో మార్చే టీమ్‌లని చూస్తే నాకు జాలి. డబ్బు పెట్టి బలాన్ని కొనగలరు, ఆ అలవాటుని కొనలేరు.

మాడెన్_మహారాజు

నా మాడెన్ వీడియో గేమ్ ఫ్రాంచైజ్‌లో ఐదుగురి రేటింగూ 90 పైన, క్యాప్‌లో ఇంకా 20 మిలియన్లు మిగిలాయి.

లెక్కల_లావణ్య

మాడెన్‌లో మోకాళ్లు కూడా చెప్పిన మాట వింటాయి తమ్ముడూ.

ఫిలీ_మూర్తి

సరే, గొప్పలు పక్కన పెట్టి చెప్తాను. మా దగ్గర ఇన్నేళ్లూ అసలు ఆస్తి జెఫ్ స్టౌట్‌లాండ్, 2013లో లైన్ కోచ్‌గా వచ్చాడు. కోచ్ జీతం క్యాప్‌లో పడదు! ఈ ఒక్క మాట ఎవరూ ఎత్తలేదేంటి?

జోర్డాన్ మైలాటా ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు. 2018లో 233వ పిక్‌లో తీసుకునేసరికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. రెండేళ్లు కూర్చోబెట్టి నేర్పారు. ఇప్పుడు లీగ్‌లో మేటి ఎడమ టాకిల్‌లలో ఒకడు. టీవీలో కాలేజీ పేరు చెప్పమంటే "జెఫ్ స్టౌట్‌లాండ్ యూనివర్సిటీ" అంటాడు. 2024లో బెక్టన్ సంగతి చూడండి. జెట్స్ 11వ పిక్‌లో తీసుకుని చేతులెత్తేసిన టాకిల్. ఏడాది ఒప్పందం మీద చవకగా తెచ్చి, ఎన్నెఫ్ఎల్‌లో అంతకు ముందు ఆడని గార్డ్ చోట పెట్టారు. సూపర్ బౌల్ గెలిచి ఉంగరం తెచ్చుకున్నాడు, రెండేళ్లకి 20 మిలియన్లకి చార్జర్స్ తీసుకుపోయారు. పోనీ. మళ్లీ ఒకణ్ని తయారు చేసుకుంటాం.

ముందుచూపు కూడా ఉంది. సెంటర్ కెల్సీ ఇంకా ఆడుతుండగానే 2022లో రెండో రౌండ్‌లో జర్గెన్స్‌ని తెచ్చారు. ఆ రోజు నాకే కోపం వచ్చింది, డిఫెన్స్ కావాల్సిన టైమ్‌లో సెంటర్ ఎందుకని.

ఫ్రిస్కో_ఫణి

ఈగిల్స్‌ని మెచ్చుకోవాలంటే నాలుక మడత పడుతోంది, కానీ ఆ జర్గెన్స్ పనే నేను చెప్పింది.

ఆరోహెడ్_వాసు

అందరికీ థాంక్స్. లావణ్య గారి చీటీ లెక్క మావాళ్లకి అతికించి చూసుకున్నాను. థూనీని 2025 మార్చిలో చికాగో బేర్స్‌కి ఇచ్చేశారు, వచ్చింది 2026 నాలుగో రౌండ్ పిక్ ఒకటి. ఆల్-ప్రో (లీగ్ మేటి ఆటగాళ్ల జాబితాలో చోటున్న) గార్డ్‌కి నాలుగో రౌండా అని ఆ రోజు మా వాట్సాప్ గ్రూప్‌లో తిట్టుకున్నాం. కానీ దాంతో 16 మిలియన్ల దాకా జాగా వచ్చింది, ట్రే స్మిత్‌ని ఉంచుకోగలిగారు. 32 ఏళ్లవాడు వెళ్లాడు, 26 ఏళ్లవాడు ఉన్నాడు. 2024లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ 68 సాక్‌లు తిన్నాడు కాబట్టి బేర్స్‌కి థూనీ అవసరం మాకంటే ఎక్కువే. రెండు పక్షాలూ తెలివిగానే చేశారేమో.

నాకు గుబులంతా ఎడమ టాకిల్. 2023లో కుడి టాకిల్ జవాన్ టేలర్‌కి 80 మిలియన్లిచ్చారు, ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఫౌల్ జెండాలు అతని మీదే. ఎడమ వైపు 2024లో ఒకడి తర్వాత ఒకణ్ని పెట్టి, చివరికి గార్డ్ థూనీనే అటు జరిపారు. ఫిబ్రవరిలో ఏమైందో చూశారు. 2025లో తెచ్చింది జాష్ సిమన్స్‌ని, 32వ పిక్. 2024 అక్టోబర్‌లో మోకాలి దగ్గర పటెల్లా టెండన్ తెగకపోతే అంత కిందికి వచ్చేవాడు కాదు. స్మిత్‌ది రక్తం గడ్డ, ఇతనిది మోకాలు. మావాళ్లు ఎప్పుడూ ఆస్పత్రి ఫైళ్లలోనే బేరాలు వెతుకుతారు.

శనివారం వన్-ఆన్-వన్‌లలో అతను మూడుసార్లు గెలిచాడు, నాలుగోసారి లోపలి వైపు నుంచి దూసుకుపోయారు. వెంటనే లైన్ కోచ్ ఆండీ హెక్ వచ్చి, ఏం మాట్లాడకుండా వాడి కుడి పాదాన్ని తన బూటుతో రెండంగుళాలు వెనక్కి నెట్టాడు. మళ్లీ ఆడించాడు. ఈసారి సిమన్స్ ఆపాడు.

సిన్సీ_సుబ్బు

రెండంగుళాలకి ఎంత జీతం ఇవ్వాలో లావణ్య గారు లెక్కేసి చెప్తే మావాళ్లకి పంపిస్తాను.

గార్డ్_నాన్న

ఆ పాదం సంగతి మావాడికి చదివి వినిపించాను. "ఏ పాదం నాన్నా, కుడా, ఎడమా?" అని మూడుసార్లు అడిగి గ్యారేజ్‌లోకి వెళ్లాడు. గంట నుంచి ఫ్రిజ్‌ని ఎవరో గుద్దుతున్న చప్పుడు.