అప్‌డేట్: నాలుగు కెమెరాలకు ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్? ఫ్రిగేట్‌తోని కుదిరింది
పోయిన నెల అడిగిన కదా, నల్లగొండల మా ఇంటికి నాలుగు ఐపీ కెమెరాలు, పాత ఐ5 కంప్యూటర్. సీపీయూ ఎప్పుడూ 100 శాతమే, వాకిట్ల వేపచెట్టు ఊగినా ఫోన్‌కు అలర్టే.

"ఫ్రిగేట్ పెట్టు, మనిషిని గుర్తుపట్టుడు సబ్‌స్ట్రీమ్ (కెమెరా పంపే తక్కువ క్వాలిటీ వీడియో) మీద, రికార్డింగ్ మెయిన్ స్ట్రీమ్ (పూర్తి క్వాలిటీ వీడియో) మీద" అన్న అన్నకు దండం. అదే పనిచేసింది. ఆ గుర్తుపట్టే పనిని ఓపెన్‌వినో అనే ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌తోని ప్రాసెసర్‌లనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అప్పజెప్పిన, సీపీయూ చల్లబడ్డది. చెట్టు ఊగితే ఇప్పుడు సప్పుడు లేదు.

ఫ్రిగేట్‌ను నడిపే డాకర్ (ప్రోగ్రాంలను డబ్బాల లెక్క వేరువేరుగ నడిపే సాఫ్ట్‌వేర్) కొత్తోళ్లకు మొదటిరోజు తలనొప్పే. సెట్టింగ్‌లు రాసే యామల్ ఫైల్‌ల ఒక్క స్పేస్ తేడాకు నాకు రాత్రంత పోయింది. ర్యామ్ పెంచుడు దండుగ, నా సీపీయూ సమస్యకు దానితోని సంబంధమే లేదు. కోరల్ (ఈ గుర్తుపట్టే పనికి గూగుల్ చేసిన చిన్న చిప్) కొనే అవసరం రాలే.

బ్రౌజర్ల బొమ్మ రాకుంటే కెమెరా వీడియో ఫార్మాట్‌ను హెచ్.265 నుంచి హెచ్.264కు మార్చుర్రి, నాకు అట్లనే వచ్చింది.