విజయనగరంలో సంగీతం కోసం నడిచే టూర్ ఏమైనా ఉందా?

సరళీస్వరాలు_అమ్మ (హైదరాబాద్)

మా అమ్మాయికి పన్నెండేళ్ళు, వయొలిన్ నేర్చుకుంటోంది. సంక్రాంతి తర్వాత ఓ పెళ్ళికి విజయనగరం వస్తున్నాం, ఒక పూట ఖాళీ ఉంది. ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్న ఊరు కదా, ఎవరైనా దగ్గరుండి నడిపిస్తూ చూపిస్తారా? పోయినేడు వేరే ఊళ్ళో డబ్బు కట్టి ఇలాంటి నడకకే వెళ్ళాం. గైడ్ మైకులో తేదీలు చదువుకుంటూ పోయాడు. పిల్ల అరగంటకే కాళ్ళు నొప్పులంది. మళ్ళీ అలా అవుతుందేమోనని టెన్షన్.

కోటగుమ్మం

నిజం చెప్పాలంటే చూడ్డానికి పెద్దగా ఏం లేదండి. కోట, గంటస్తంభం, పైడితల్లి గుడి. ఫొటోలు తీసుకుని వచ్చేయండి.

మూడులాంతర్ల_మావయ్య

పై ఆయన అన్నది సగం నిజం. మా ఊళ్ళో చూడ్డానికి తక్కువే, వినడానికి, చెప్పుకోడానికి ఉంది. బ్యాంకులో రిటైరయ్యాక చుట్టాల పిల్లల్ని ఇలా తిప్పుతున్నాను. టికెట్టూ మైకూ ఏం లేవు.

పొద్దున్నే మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర టీ తాగి బయల్దేరతాం. కోట బయట నుంచి చూస్తే చాలు. నేను ఎక్కువసేపు ఆగేది సంగీత కళాశాల దగ్గరే. 1919లో విజయరామ గజపతి రాజు పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, మన హరికథా పితామహుడు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారట. వినగానే పిల్లలు నవ్వేస్తారు. అప్పుడు గోడ పక్కన నిలబెట్టి, ఎడం చేత్తో 8 అక్షరాల (అంటే 8 లెక్కల) ఆది తాళం, కుడిచేత్తో 3 అక్షరాల లెక్కలో రూపకం వెయ్యమంటాను. 24 అక్షరాలకి రెండూ మళ్ళీ కలవాలి. ఇప్పటిదాకా ఒక్కరూ కలపలేదు, నాతో సహా. అక్కడితో నవ్వు ఆగిపోతుంది.

మీ పాప వయొలిన్ అన్నారు కాబట్టి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి మాట చెప్పాలి. చదువుకుందామని వచ్చిన కుర్రాడి వాయింపు విని, నువ్వు నేర్చుకునేదేంటి, నేర్పమని ఉద్యోగం ఇచ్చారని మా ఊళ్ళో అంటారు. వయసు పాతికేళ్ళు దాటిందంతే. 1936లో దాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. చూపు సరిగా ఉండేది కాదు. ఇది చెప్పాక ఫోన్లో ఆయన రికార్డింగ్ ఒకటి పెట్టి, ఎవర్నీ మాట్లాడనివ్వను. స్కూటర్ల హారన్ల మధ్యనే వినాలి, ఏం చేస్తాం.

ఆ తర్వాత కావాలనే ఇళ్ళ మధ్య సందుల్లోంచి తీసుకెళ్తాను. ఘంటసాల ఉంగరం అమ్ముకుని ఆ డబ్బుతో ఈ ఊరొచ్చారు. వచ్చేసరికి కాలేజీకి సెలవులు. జోలె కట్టుకుని మధుకరానికి ఇంటింటికీ తిరిగారు. మధుకరం అంటే తెలుసుగా, తేనెటీగ ఒక్కో పువ్వు దగ్గరా కాస్త కాస్త తెచ్చుకున్నట్టు ఒక్కో ఇంట్లో పిడికెడు అన్నం తెచ్చుకోవడం. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకి చదువు చెప్పిన గురువు. ఈ కథంతా ఏదో ఒక వీధి అరుగు మీద కూర్చుని చెబుతాను. ఆ పిడికెడు ఏ ఇంటిదో మనకి తెలీదు కాబట్టి అన్ని ఇళ్ళూ చూడాల్సిందే. మీ పాప కాళ్ళు నొప్పులనదు, పూచీ నాది. కూర్చునే చోట్లే ఎక్కువ.

దార్లోనే గురజాడ వారి ఇల్లు. పాట వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు అది దాటి పోకూడదని నా పట్టుదల, మా ఆవిడ మాత్రం ఆ టైముకి టిఫిన్ చేద్దామంటుంది.

గొల్లపల్లి_అల్లుడు

మావయ్యగారూ, బొబ్బిలి మర్చిపోయారే! నడక కాదు, బస్సెక్కాలి, కానీ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి వీణలు చూడకపోతే ఎలా? ఒకే పనస దుంగలోంచి చెక్కిన ఏకాండీ వీణ. తీగ నొక్కే చోట ఉండే 24 మెట్లని మైనంలో కూర్చోబెట్టేటప్పుడు పనివాడు చెవి ఆనించి వింటూ ఉంటాడు, ఆ ఒక్కటి పాపకి చూపించండి. నారాయణదాసు గారు పుట్టిన అజ్జాడ కూడా ఆ వైపే.

సరళీస్వరాలు_అమ్మ

ఆది, రూపకం ఇప్పుడే ప్రయత్నించాం. పాప 11కి తప్పింది, నేను 4కి. బొబ్బిలికి ఈసారి కుదరదేమో, పెళ్ళివాళ్ళు ఒప్పుకోరు. కాలేజీ లోపలికి రానిస్తారా? ఏ రోజు రావాలి?

మూడులాంతర్ల_మావయ్య

11 అంటే నాకంటే నయం. ఆదివారం రాకండి, తాళం వేసుంటుంది. పనిరోజు వచ్చి ఆఫీసులో అడిగితే కాసేపు లోపల నిలబడనిస్తారు. ఒప్పుకోకపోతే ప్రహరీ పక్కన నిలబడండి, ఎవరో ఒకరు వర్ణం సాధన చేస్తూనే ఉంటారు. వయొలిన్ వెంట తెచ్చుకోమనండి. అరుగు మీద కూర్చున్నప్పుడు పాప ఏదైనా వాయిస్తే, ఆ ఇంటి వాళ్ళు కాఫీ ఇస్తారో పొమ్మంటారో చూద్దాం.