బెరడు మీద మచ్చలు చూసి గాలి బాగుందని చెప్పేయొచ్చా?

కానుగచెట్టు:
మా పాప తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం ఆదివారం కాలనీ పార్కులో చెట్లన్నీ తిరిగాం. మామిడి బెరడు మీద రూపాయి బిళ్లంత బూడిదరంగు మచ్చలున్నాయి. నీళ్లు చల్లితే చూస్తుండగానే పచ్చబడ్డాయి. లైకెన్లే, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి ఒక్కటిగా బతికే జీవులు! మెయిన్ రోడ్డు చెట్ల మీద ఒక్కటి లేదు. గాలి కొలిచే యంత్రం మాకు తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది. దాని అంకె కన్నా మా మామిడి చెట్టునే నమ్ముతానంటే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నవ్వారు. 1866లోనే నైలాండర్ అనే శాస్త్రవేత్త పారిస్‌లో మిగతా చోట్ల కనబడని లైకెన్లు లక్సెంబర్గ్ తోటలో ఉండటం చూసి, గాలి మంచిచెడ్డలకు ఇవే కొలత అన్నాడు. మీరేమంటారు?

లెక్కలాయన:
కానుగచెట్టు గారూ, రోడ్డు చెట్లకు సున్నం, జేగురు పట్టీలు వేశారేమో చూశారా? సున్నం కొట్టిన బెరడు మీద ఏం మొలుస్తుందండీ! పైగా లైకెన్లు పేరు తెచ్చుకున్నది బొగ్గు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు దగ్గర. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్ కోసం, ఏ లైకెన్లున్నాయో చూసి గాలిని అంచనా వేసేలా 0 నుంచి 10 దాకా మెట్లు కట్టింది ఆ బొగ్గు పొగకే. మన ఊళ్ల తలనొప్పి పీఎం 2.5, అంటే గాలిలో తేలే అతి సన్నటి ధూళి. దానికి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. మీ మామిడి చెట్టు 38కీ 70కీ తేడా చెప్పగలదా?

మొక్కలావిడ:
చెప్పలేదు. చెప్పమని అడగడమే తప్పు. లైకెన్‌కు వేర్లుండవు, ఆకుల మీద ఉండే మైనపు పొర కూడా ఉండదు. వానలో, మంచులో, దుమ్ములో ఏముంటే అది ఒంటికి పట్టించుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. యంత్రం ఈ గంట సంగతి చెబుతుంది. ఇది ఇన్నేళ్లూ ఏం మింగిందో చెబుతుంది.

అమెరికాలో పోర్ట్‌లాండ్ సంగతి చూడండి. 2013లో అటవీశాఖ వాళ్లు ఊరంతా చెట్ల మీది నాచు 346 నమూనాలు తీసి పరీక్షిస్తే, రంగుటద్దాల తయారీ చోటు చుట్టూ కాడ్మియం అనే విషపు లోహం ఎక్కువగా కనబడింది. తర్వాత అక్కడ యంత్రం పెట్టి చూస్తే నిజమేనని తేలింది. అది లైకెన్ కాదు, నాచే. కానీ పని చేసే తీరు ఒకటే. ఊరికి ఒకటో రెండో యంత్రాలుంటాయి, చెట్లు వీధికి పదుంటాయి.

కానుగచెట్టు గారికి ఒక చేదు మాట. మన ఊళ్లలో మామిడి మీద బిళ్లల్లా పెరిగేది చాలాసార్లు పిక్సినే కోకోస్ అనే లైకెన్. పొగను బాగానే తట్టుకునే రకం. అది ఉందని గాలి బాగున్నట్టు కాదు. ఇంగ్లండ్‌లో లెకనోరా కోనిజియోయిడిస్ అనే రకం బొగ్గు పొగలో విరగబడి పెరిగి, గాలి బాగుపడ్డాక అరుదైపోయింది. ఉందా లేదా కాదు, ఏది ఉందో చూడాలి.

జాజికాయ:
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. మా అమ్మ బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కదా? ఇది లోహాలు పట్టేస్తుందంటే మరి మన ప్లేట్లో సంగతేంటి? టెన్షన్ పెట్టేశారు.

మొక్కలావిడ:
లైకెనే. దుకాణంలో కొనేది కొండ అడవుల్లోంచి ఏరి తెచ్చేది, మీ వీధిలోది కాదు. బిర్యానీకి చిటికెడే వేస్తాం, భయపడకండి. రోడ్డు పక్క చెట్టు మీద గీకి మాత్రం వెయ్యొద్దు :)

లెక్కలాయన:
పోర్ట్‌లాండ్ ఉదాహరణ ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, చివరికి యంత్రం పెట్టాకే కదా తేలింది! లైకెన్ అనుమానం పుట్టిస్తుంది, సాక్ష్యం యంత్రానిదే. ఎండలు మండే ఊళ్లో చెట్టు బోసిగా ఉంటే అది పొగ వల్లో, వేడి వల్లో, యూకలిప్టస్‌లా బెరడు రాల్చుకునే చెట్టు కావడం వల్లో ఎలా చెబుతాం?

మొక్కలావిడ:
అందుకే పద్ధతి ఉంది మాస్టారూ. యూరప్‌లో 2014లో దీనికి ప్రమాణమే పెట్టారు. అక్కడి తీరులో ఒకే జాతి చెట్లు, నిటారు మానులు ఎంచుకుంటారు. నేలకు మీటరు ఎత్తు నుంచి నాలుగు దిక్కులా, దిక్కుకు అయిదేసి 10 సెంటీమీటర్ల గళ్లు నిలువుగా పెట్టి, ఏ రకం ఎన్ని గళ్లలో ఉందో రాస్తారు. బజారు చెట్టునూ పార్కు చెట్టునూ ఊరికే పోల్చడం కుదరదు.

కానుగచెట్టు:
పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను. రోడ్డు చెట్లు ఏడు. నాలుగింటికి నడుం దాకా సున్నమే, లెక్కలాయన గారు గెలిచారు. రెండు యూకలిప్టస్. మిగిలింది ఒక్క మామిడి, దాని మీద ట్యూషన్ బోర్డు మేకులు, కింద గోరంత బూడిద మచ్చ. నీళ్లు చల్లితే ఇదీ పచ్చబడింది. ప్రాజెక్టులో "రోడ్డు పక్క లైకెన్లు లేవు" అన్న వాక్యాన్ని పాప కొట్టేసింది. ఇప్పుడు పురికొసతో గళ్ల చట్రం కడుతోంది. సున్నం కొట్టని మామిడి చెట్లు మీ వీధిలో ఉంటే చెప్పండి, ఇంకో ఆరు కావాలి.