లినక్స్‌లో పాత క్యాడ్ డ్రాయింగులు తెరవడం ఎలా?

ప్రశ్న:
రెండు నెలల క్రితం ఉబుంటు లినక్స్‌కు మారాను. కంప్యూటర్‌లో (క్యాడ్‌లో) యంత్రభాగాలు గీయడం నా పని. పన్నెండేళ్ల డ్రాయింగులన్నీ డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ వాడే రకం) ఫైళ్లే. ఫ్రీక్యాడ్ అనే ఉచిత క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరుచుకోవడం లేదు. వాటిని వదులుకోలేను. దారి ఏమిటి?

జవాబు 1:
మధ్యలో మార్పిడి సాధనం ఉండాలండీ. లిబ్రేడీడబ్ల్యూజీ గానీ, ఓడీఏ ఫైల్ కన్వర్టర్ గానీ పెట్టుకుని, ఫ్రీక్యాడ్ సెట్టింగులలో డీడబ్ల్యూజీ దగ్గర అది ఎక్కడుందో చూపించండి. ఫైలు ఫ్రీక్యాడ్ చదవగలిగే డీఎక్స్ఎఫ్ రకంగా మారి తెరుచుకుంటుంది. కొలతలు మాత్రం ఒక్కొక్కటీ సరిచూసుకోండి. నేను చూడకుండా పంపిన డ్రాయింగులో ఒక రంధ్రం కొలత మాయమైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జవాబు 2:
త్రీడీకి 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 గానీ, ఆ తరువాతి వెర్షన్ గానీ వాడండి. స్కెచ్ మార్చగానే మోడల్ చెదిరిపోయే పాత ఇబ్బంది చాలా తగ్గింది.

ప్రశ్నించినవారు:
తెరుచుకున్నాయి! నా మొదటి గేరు డ్రాయింగు కూడా. కొలతలు సరిచూస్తున్నాను.