కార్తీకంలో కంద బచ్చలి: దురద లేకుండా ఎలా?

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో ఇప్పుడు కంద, బచ్చలి, సీతాఫలాలు బాగా వస్తున్నాయి. మా అత్తయ్యగారికి కంద బచ్చలి ఆవపెట్టిన కూరంటే ఇష్టం, కానీ కంద ముట్టుకుంటేనే నాకు చేతులు దురద, నోట్లో పెడితే గొంతు పట్టేస్తుందేమోనని టెన్షన్. మంచి కంద ఎలా ఎంచుకోవాలి? సీతాఫలం సంగతి కూడా చెప్పండి.

↳ గట్టిగా, బరువుగా ఉన్నది తీసుకోండి. కోసి అమ్మే ముక్కయితే కోసినచోట తడిగా, మెత్తగా ఉంటే వద్దు. చేతులకి నూనె రాసుకుని, కంద తడపకుండా చెక్కు తీసి ముక్కలు కోయండి, కడగడం ఆ తర్వాతే. దురదకి కారణం అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదులు, అందుకే చింతపండు పులుసు పోసి ముక్క మెత్తగా నలిగేదాకా ఉడికించాలి, సగం ఉడికితే గొంతు పట్టుకోవడం ఖాయం.

↳ అక్కా, ఆవ మాత్రం స్టవ్ ఆపి, కూర కాస్త చల్లారాకే కలపండి. పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది, ఘాటూ పోతుంది. ఆవాలు, ఎండుమిర్చి, కొంచెం ఉప్పు వేసి నీళ్ళతో నూరితే చాలు. గుంటూరు వాళ్ళం కదా, మిర్చి మేం రెండెక్కువే వేస్తాం!

↳ సీతాఫలం కళ్ళు విచ్చుకుని మధ్యలో లేత పసుపు గీతలు కనిపిస్తే కోతకొచ్చినట్టే. కళ్ళు బిగుసుకుని ఉన్నవి ఎన్నాళ్ళుంచినా సరిగ్గా పండవు. పండేదాకా ఫ్రిజ్‌లో పెట్టకండి, నల్లబడతాయి.