నిమ్మలో పాముపొడకు మందు కొట్టాలా, మిత్ర పురుగులకు వదిలేయాలా?

పొదలకూరు_నిమ్మ: మూడెకరాల కాపు తోట, చెట్లకి 12 ఏళ్లు. చిగురు వేసినప్పుడల్లా లేత ఆకుల మీద పాముపొడ పురుగు తొలిచిన వెండి గీతలు, అంచులు ముడత. రెండేళ్లుగా ప్రతి చిగురుకీ కొడుతున్నా, పోవడం లేదు. మా చిన్నాన్న ఏమో "నువ్వు చంపేది పురుగుని కాదురా, దాన్ని తినేదాన్ని" అంటాడు. మీరేమంటారు?

రాపూరు_రైతు: కొట్టకుండా ఎట్లా? అది తొలిచిన దారుల్లోంచే గజ్జి తెగులు దిగుతుంది. మచ్చ కాయని మార్కెట్లో ఎవరు అడుగుతారు? పోయినేడు మా పక్క తోటాయన దీనికనే ట్రైకో కార్డులు తెచ్చి మిట్టమధ్యాహ్నం కొమ్మలకి కట్టాడు. సాయంత్రానికి చీమలు పండగ చేసుకున్నాయి.

ఉలవపాడు_అల్లుడు: చీమల సంగతి తర్వాత, అసలు ఆ కార్డే దీనికి కాదన్నా. దాని మీద ఉండేవి బియ్యపు చిలుక గుడ్లు, సుమారు 20,000. వాటిలో పెరిగిన ట్రైకోగ్రామా అనే సన్న కందిరీగ బయటికొచ్చి మళ్లీ గుడ్లనే వెతుక్కుంటుంది. నిమ్మాకు తినే సీతాకోకచిలుక గుడ్లకైతే సరే. ఆకు పొర కింద దూరిన పురుగు జోలికి పోదు. దాన్ని పట్టి గుడ్లు పెట్టి చంపే ఈగలు (ఇవీ సన్న కందిరీగలే) వేరే, తోటలోనే ఉంటాయి. అమెరికాలో ఫ్లోరిడాకి ఈ పురుగు 1993లో చేరితే, మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా నుంచి అలాంటి ఈగని తెప్పించి వదిలారు. అదీ మన ఆసియాదే. దాని ఒక్క గుడ్డు చీలి నాలుగైదు పిల్లలవుతాయి.

ముడత ఆకులు ఓ ఇరవై కోసి, గాజు సీసాలో వేసి, మూతికి పలచని గుడ్డ కట్టి చూడండి. నేను కట్టా. తెల్ల చిలుకలు మూడే వచ్చాయి, ఆవగింజలో సగం ఉన్న నల్ల ఈగలు లెక్కపెట్టలేకపోయా. ఒక ముడత విప్పితే ఎండిన పురుగు, పక్కనే ఈగది నల్లటి ప్యూపా.

రాపూరు_రైతు: నావి రెండేళ్ల మొక్కలు. నీ ఈగలు వచ్చేదాకా చిగురు మిగులుద్దా?

ఉలవపాడు_అల్లుడు: మిగలదు. లేత మొక్కకి నేనూ కొట్టమనే అంటా, ముందు వేప నూనె, ఆగకపోతేనే మందు. ముదురు ఆకుని ఆ పురుగు ముట్టదు కాబట్టి కాపు చెట్టుకి పోయేది కాసిని చిగుళ్లే. ఇద్దరూ ఒకే డబ్బా పట్టుకోవడమే నా గొడవ.

పొదలకూరు_నిమ్మ: సీసా పెట్టా. ఈ చిగురుకి రెండు వరసలు వదిలేస్తా. మిగతాది కొడతా, ఇంట్లో టెన్షన్ ఎందుకు.

రాపూరు_రైతు: గట్టు పక్క వరసలు మాత్రం వదలబాక అబ్బయా, పక్కోడి మందు వాటి మీదే పడుద్ది.