నాగాయలంక దగ్గర ఉన్న అమ్మానాన్నలను తుపానుకు ముందే ఎలా కదిలించాలి?

నేను హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో ఉంటాను. అమ్మానాన్నలు దివిసీమలో, నాగాయలంక దగ్గర పల్లెలో ఉన్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందని, ఎల్లుండి రాత్రి తీరం దాటవచ్చని వార్తల్లో చెబుతున్నారు. ఇక్కడ ముసురు పట్టిందంతే. నాకు మాత్రం కాలు నిలవడం లేదు.

నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. డాబా ఇల్లు కదా, గాలికి ఏమవుతుందని ఆయన ధీమా. నా భయం గాలి కంటే ఉప్పెన గురించే. 1977 నవంబరు 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసింది సముద్రపు నీరే. అది కళ్లారా చూసిన మనిషి, ఇప్పుడు పాడి గేదెలను వదిలి రానంటున్నారు. తుపాను కన్ను ఊరి మీదుగా వెళితే గాలి కాసేపు ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ కాసేపట్లో కొట్టం దగ్గరికి వెళతారేమోనని నా బెంగ.

తీరంలో ఉండేవారు దయచేసి చెప్పండి. పునరావాస కేంద్రానికి వెళ్లేటప్పుడు గేదెలను కట్లు విప్పి వదలాలా, మెరక మీద కట్టాలా? రేపు మధ్యాహ్నం దాకా అవనిగడ్డ మీదుగా విజయవాడకు బస్సులు నడుస్తాయా? అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది. రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మీ ఇళ్లలో దాన్ని ఎలా కాపాడుకున్నారు? అన్నిటికంటే ముందు, ఇలాంటి పెద్దవారిని ఏ మాట చెప్పి కదిలించారు?